కప్పు విప్పే ముందు

కోనసీమలో ఒక ఊళ్ళో రిటైరైన తెలుగు మాస్టారు ఉండేవారు. పదేళ్ళుగా ఆయనకు పని ఒక్కటే. చుట్టుపక్కల ఊళ్ళకు సైకిలు మీద వెళ్ళి, ముసలమ్మల దగ్గర కూర్చుని, దంపుళ్ళ పాటలు, లాలి పాటలు, అప్పగింతల పాటలు ఫోన్‌లో రికార్డు చేసుకునేవారు. సాయంత్రం వాటిని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి, పాడినామె పేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చుకుందో రాసి పెట్టేవారు. ఫోన్‌లో చోటు చాలక అక్కడివి తుడిచేసేవారు. అలా నలభై రెండు మంది గొంతులు ఒక్క ఫోల్డర్‌లో చేరాయి.

ఆ ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఉబుంటు లినక్స్ 20.04. దానికి అయిదేళ్ళపాటు అందరికీ అందిన భద్రతా అప్‌డేట్లు 2025 మే నెలలో ఆగిపోయాయి. సంక్రాంతికి వచ్చిన మేనల్లుడు అది చూసి, "మావయ్యా, దీంతో నెట్‌లోకి వెళ్ళడం మంచిది కాదు. 24.04 వేసేస్తాను, 2029 దాకా బెంగుండదు" అన్నాడు. మాట నిజమే.

కుర్రాడు పనిమంతుడు. ఐఎస్‌ఓ ఫైలు దించుకున్నాడు. దారిలో ఒక్క అక్షరమైనా చెడలేదని షా-256 సంఖ్యతో సరిచూసుకున్నాడు. పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఇన్‌స్టాల్ చేయకుండా దాని మీంచే నడిపి చూశాడు. వైఫై దొరికింది. స్పీకరు మోగింది. తెలుగు ఒత్తులు విరగకుండా కనబడ్డాయి. అలా చూస్తున్నంతసేపూ లోపలి డిస్క్ తెరవడానికి వీలుంది. అందులో మావయ్య పాటల ఫోల్డరూ ఉంది. ఇంకో డ్రైవ్ పెట్టి కాపీ చేస్తే సరిపోయేది. ఆ తర్వాత, డిస్క్‌ను ఏం చేయమంటారని అడిగే తెర వచ్చింది. మొత్తం చెరిపి వేయమనే వరుసను నొక్కాడు.

కాసేపటికి కొత్త తెర వెలిగింది. మాస్టారు కళ్ళజోడు సర్దుకుని, "బావుందిరా! ఏదీ, మన పాట ఒకటి పెట్టు" అన్నారు.

కుర్రాడి చేతులు ఆగిపోయాయి.

రాత్రంతా, చెరిగిన ఫైళ్ళను వెలికితీసే ఫోటోరెక్‌తో వెతికాడు. లోపలున్నది ఎస్‌ఎస్‌డీ. కొత్తగా ఫార్మాట్ చేసేటప్పుడే, పాత గదులన్నీ ఖాళీ అని ఇలాంటి డిస్క్‌కు కబురు వెళ్ళిపోతుంది. ఒక్క పాటా దొరకలేదు.

తెల్లవారాక, సంగతి విన్న అమ్మమ్మ వాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుంది. "తాటాకిల్లు నేయించేటప్పుడు ముందు ధాన్యం బస్తాలు, ట్రంకుపెట్టె, దేవుడి పటాలు పక్కింటి అరుగు మీదికి చేర్చేవాళ్ళం నాయనా. అవి చేరాకే మనిషి కప్పెక్కేవాడు. కొత్త ఆకుదేముంది, ఏ తోటలోనైనా దొరుకుతుంది" అంది.

మాస్టారు కోప్పడలేదు. సైకిలు బయటికి తీశారు. కుర్రాడు పక్కింటి సైకిలు అడిగి తెచ్చుకుని వెనకే వెళ్ళాడు. నలభై రెండు గుమ్మాల్లో పదిహేడింట గోడ మీద ఫొటోకు దండ వేసి ఉంది. మిగిలిన ఇరవై అయిదుగురిలో కొందరికి పాట సగమే గుర్తుంది. ఆ సగాన్నీ రికార్డు చేసుకున్నారు. ఈసారి ఏ రోజు పాటలు ఆ రోజే మూడు చోట్ల దాచారు.

నీతి: మళ్ళీ దొరికేదాని మీద పెట్టే శ్రద్ధ, మళ్ళీ దొరకనిదాని మీద ముందు పెట్టాలి.

ఉబుంటు చెడితే గంటలో మళ్ళీ దించుకోవచ్చు. కుర్రాడు అక్షరం అక్షరం సరిచూసుకున్నది దాన్ని. లోకంలో ఒక్కటే ప్రతి ఉన్న పాటల వైపు మాత్రం చూడలేదు. తప్పు వాడొక్కడిదే అనను. పదేళ్ళ కష్టాన్ని ఒక్క పెట్టెలోనే ఉంచిన మాస్టారికీ అందులో వాటా ఉంది. డిస్క్ తనంతట తాను పాడైనా ఆ పాటలు పోయేవే. అలాగని పాత వెర్షన్‌నే పట్టుకు వేలాడమనీ చెప్పను. కప్పు చివికిన ఇంట్లో వానాకాలం ఉండలేం, నేయించుకోవలసిందే.

మీరూ ఈ వారం కొత్త లినక్స్ వేసుకుందామనుకుంటూ ఉంటే, ముందు మీ ఫైళ్ళు వేరే డ్రైవ్‌లోకి తీయండి. ఆ డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు పెట్టి, మీ అమ్మ గొంతో, పిల్లవాడి తొలి అడుగుల వీడియోనో, ఏదో ఒకటి తెరిచి చివరిదాకా చూడండి. ఇన్‌స్టాల్ బటన్ ఆ తర్వాతే నొక్కండి.