తీసివేసిన పేర్లు

ఒక మనిషి వచ్చి ఒక సంస్థను నిలబెట్టాడని విన్నప్పుడు వీరపూజ చేసేవారు ఆ మనిషికి దణ్ణం పెడతారు. చరిత్ర చదువుకున్నామనుకునే మనం, వ్యక్తిదేముంది, పరిస్థితులు పరిపక్వమైనాయి గనుక జరిగిందని పెదవి విరుస్తాం. రెండింటిలోనూ ఒక సౌకర్యం ఉంది. జరిగినదానికి మూల్యం చెల్లించినవారెవరని ఎవరూ అడగనక్కరలేదు.

నాకు ఈ ప్రశ్న పుస్తకాల్లోంచి పుట్టలేదు. నేను పనిచేసిన ఒక కళాశాలలో పరీక్షలకు ముందు ఫలితాల మీద సమావేశం పెట్టారు. లివర్‌పూల్ ఫుట్‌బాల్ క్లబ్బును బిల్ షాంక్లీ బాగుచేసిన కథ చెప్పి ప్రిన్సిపాలుగారు నావైపు తిరిగారు. "ఆయన మొదట చేసిన పని 24 మందిని తీసివేయటం, మాస్టారూ. పైగా ఆయన మీ సోషలిస్టే" అన్నారు. తరువాత కాగితాలు పంచి, పరీక్ష తప్పేటట్టున్న పిల్లల పేర్ల పక్కన గుర్తు పెట్టమన్నారు. వాళ్లు టీసీ తీసుకుని ప్రైవేటుగా కట్టుకుంటారు, మన శాతం పెరుగుతుంది. నేను 11 పేర్ల పక్కన గుర్తు పెట్టాను.

ఆయన చెప్పిన కథలో అబద్ధమేమీ లేదు. ఆ తరువాత షాంక్లీని గూర్చి దొరికినదల్లా చదివాను. 1959 డిసెంబరులో ఆయన వచ్చేనాటికి లివర్‌పూల్ రెండవ డివిజనులో పడి అయిదేళ్లు దాటింది. ఆ ఏడాది జనవరిలోనే వూస్టర్ సిటీ అనే, లీగులో చోటే లేని చిన్న జట్టు చేతిలో కప్పు పోటీలో ఓడింది. స్టేడియం శిథిలం, సాధన చేసే మెల్‌వుడ్ మైదానం పొదలమయం. షాంక్లీ స్కాట్లండులో గ్లెన్‌బక్ అనే గనికార్మికుల పల్లెలో పుట్టినవాడు, తానూ చిన్నతనాన గనిలో పనిచేసినవాడు.

ఆయన చేసిన పనుల్లో నాకు ముచ్చట గొలిపేవి చిన్నచిన్నవి. కొత్త మేనేజరు రాగానే పాత శిక్షకులను పంపి తనవాళ్లను తెచ్చుకోవటం రివాజు. ఆయన బాబ్ పైస్లీ, జో ఫేగన్, రూబెన్ బెన్నెట్‌లను అట్టేపెట్టుకున్నాడు. రోడ్ల మీద మైళ్లకొద్దీ పరుగులు మాన్పించి, బంతితోనే సాధన చేయించాడు. అయిదుగురికి అయిదుగురు చొప్పున ఆడటం, బంతి తోటివాడికి అందించి వెంటనే ఖాళీ చోటికి కదలటం: ఇదే రోజూ పాఠం. ఆటగాళ్లు స్టేడియంలో బట్టలు మార్చుకుని ఒకే బస్సులో మెల్‌వుడ్‌కు పోయేవారు, సాధన ముగిశాక ఒళ్లు చల్లబడేదాకా ఆగి తిరిగి వచ్చి కలిసి భోంచేసేవారు. అందరూ ఒకరికోసం ఒకరు పనిచేయటం, ఫలితంలో అందరికీ వాటా ఉండటం, ఇదే తానెరిగిన సోషలిజమని ఆయన చెప్పుకునేవాడు. 1962లో మొదటి డివిజనుకు ఎక్కారు. 1964లో లీగు గెలిచారు, 1965లో క్లబ్బు చరిత్రలో మొదటిసారి ఎఫ్.ఎ. కప్పు, 1966లో మళ్లీ లీగు. ఆ 1965–66 ఆటకాలమంతటికీ వాడిన ఆటగాళ్లు 14 మందే!

దీన్ని ఒక్కడి మాయ అనేవారు డబ్బు సంగతి మరచిపోతారు. మొదట్లో డైరెక్టర్లు ఖర్చుకు వెనుకాడారు. ఎరిక్ సాయర్ అనే డైరెక్టరు పట్టుబట్టాకే 1961లో సెయింట్ జాన్, యేట్స్ వచ్చారు. ఆ సాయరు లిటిల్‌వుడ్స్ మనిషి. ఫుట్‌బాల్ ఫలితాల మీద కార్మికులు కాసే చిల్లర పందేలతో పెరిగిన సంస్థ అది. శ్రామికుడి పెన్నీ ఎన్ని దారుల తిరుగుతుందో!

ఇక ఆ 24 మంది. వారానికి 20 పౌండ్లకు మించి ఏ ఆటగాడికీ జీతమివ్వరాదన్న నిబంధన 1961 జనవరి దాకా ఉండేది. గడువు తీరినా ఆటగాణ్ణి వదలకుండా పట్టి ఉంచే హక్కు క్లబ్బుకు ఉండేది. అది అన్యాయమని 1963లో ఈస్టమ్ వ్యాజ్యంలో కోర్టు తేల్చింది. అనగా, క్లబ్బు కావాలంటే ఉండాలి, వద్దంటే పోవాలి. షాంక్లీ ఆ వ్యవస్థను పుట్టించలేదు, నిజమే. దాన్ని వాడుకోవటంలో తటపటాయించనూ లేదు.

అసలు పనికిరానివాడెవడో ఎట్లా తెలుస్తుంది? షాంక్లీ వచ్చేనాటికే అమ్మివేయవలసిన వారి జాబితాలో జెరీ బర్న్ అనే యువకుడున్నాడు. షాంక్లీ అతని పేరు కొట్టివేయించి అట్టేపెట్టుకున్నాడు. 1965 కప్పు ఫైనలులో లీడ్స్ మీద ఆడుతుండగా తొలి నిమిషాల్లోనే బర్న్‌కు కాలర్ బోన్ విరిగింది. మారు ఆటగాణ్ణి దింపే నిబంధన అప్పటికి లేదు. అతడు ప్రత్యర్థులకు తెలియనీయకుండా 120 నిమిషాలూ ఆడాడు. మొదటి గోలుకు బంతి అందించిందీ అతనే. ఈ త్యాగాన్ని కీర్తించేవారు చాలామంది. నాకు మాత్రం ఆ పాత జాబితాయే గుర్తొస్తుంది.

గాయపడ్డవాడితో షాంక్లీ మాట్లాడేవాడు కాదు. ఆడలేనివాడు తనకు లేనట్టేనని ఆయన పద్ధతి. 1974 జులైలో ఆయనే రాజీనామా చేశాడు. ఐనా పొద్దున్నే మెల్‌వుడ్‌కు వచ్చేవాడు. ఆటగాళ్లు పాత అలవాటున ఆయననే "బాస్" అని పిలిచేవారు. కొత్త మేనేజరు పైస్లీకి అది ఇబ్బంది అయింది. రాకుంటే మంచిదన్న సంగతి ఆయనకు తెలిసేటట్టు చేశారు. ప్రత్యర్థి క్లబ్బు ఎవర్టన్ తనను ఇంతకంటే ఆదరంగా చూసిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నాడు. 1981లో చనిపోయాడు. ఇది కర్మఫలమని నేననను, ఆ మాట మనది కాదు. తాను నడిపిన లెక్కలోనే చివరికి తానూ ఒక అంకె అయ్యాడు, అంతే.

మైదానంలో చోటు పదకొండుమందికే గదా అంటారు. ఒప్పుకుంటాను. ఎంపిక లేని జట్టు ఉండదు. కాని ఫుట్‌బాల్ క్లబ్బు గెలుపు కోసం పుట్టింది, ఆటగాడు దానికి సాధనం. కళాశాల ఎవరికోసం పుట్టింది? చదువు రానివాణ్ణి పంపివేసి సాధించిన నూటికి నూరు శాతం దేనికి కొలత?

తరువాతి సమావేశంలో ఈ మాటే అడిగాను. మా గణితం మాస్టారు కిటికీలోంచి బయటికి చూశారు. ప్రిన్సిపాలుగారు సొరుగులోంచి నా కాగితం తీసి బల్లమీద పెట్టారు. 11 గుర్తులూ, కింద నా సంతకమూ.