పొరుగువాని మాటపై తీర్పు

ధ్యాన పాఠము: 2 సమూయేలు 16:1-4, 19:24-30



దొంగతనమును నిషేధించు ఆజ్ఞ ప్రక్కనే అబద్ధ సాక్ష్యమును నిషేధించు ఆజ్ఞయు నున్నది (నిర్గమ. 20:15, 16). మొదటిదానిని పనివారికి బోధింతుము. రెండవది మనకొరకే వ్రాయబడెనని మరతుము.

దావీదు అబ్షాలోమునకు భయపడి పారిపోవుచుండగా సీబా 200 రొట్టెలతోను, ద్రాక్షారసముతోను ఎదురువచ్చెను. తన యజమానుడైన మెఫీబోషెతు రాజ్యమునకు ఆశపడి యెరూషలేములో నిలిచిపోయెనని చెప్పెను. దావీదు మరియొకని అడుగలేదు. ఆ క్షణమందే మెఫీబోషెతు ఆస్తి యంతయు సీబాకిచ్చెను. ఆకలిగొన్నవానికి రొట్టె తెచ్చినవాని మాట తియ్యగా నుండును గదా!

రాజు తిరిగి వచ్చినప్పుడు ఆ కుంటివాడు ఎదురువచ్చెను. రాజు వెళ్లిన దినమునుండి అతడు గడ్డము కత్తిరించుకొనలేదు, బట్టలు ఉదుకుకొనలేదు. అతని దుఃఖమునకు అతని దేహమే సాక్ష్యము. అయినను దావీదు విచారణ చేయక పొలమును చెరిసగము చేసెను. ఒకసారి నమ్మిన చాడీ ఇట్టిదే. నిజము ఎదుట నిలిచినను సగమే తిరిగి యిత్తుము.

మలక్‌పేట గల్లీలలో ఇల్లును ఇల్లును ఆనుకొని యుండును. ఒక యింట చెవికమ్మ కనబడనియెడల, "మీ పనిమనిషి అటు తిరుగుచుండెను" అని ప్రక్కయింటివారందురు. సాయంత్రమునకు ఆమె దొంగ యగును. ఆమె పోగొట్టుకొనునది ఒక్క యింటి పని కాదు. ఆ గల్లీలోని ఇండ్లన్నియు మూయబడును. గంజులో ఉల్లి బస్తాలు మోయు హమాలీకిని అంతే. అతనికి మంచిపేరే మూలధనము. వారము తరువాత కమ్మ బియ్యపు డబ్బాలో దొరకినను, ఆ సంగతి చెప్పుటకు ఎవరు ఇల్లిల్లు తిరుగుదురు?

ఒక మనుష్యునికే కాదు, జనులకే ఈ అన్యాయము జరిగినది. 1871లో ఆంగ్ల ప్రభుత్వము చేసిన నేరస్థ జాతుల చట్టము, 1911లో మద్రాసు రాజధానికిని విస్తరింపబడి, ఎరుకల వంటివారిని పుట్టుకతోనే దొంగలుగా ఎంచెను. 1952లో అది దేశమంతట రద్దయ్యెను. అయినను స్టూవర్టుపురమను పేరు విన్నంతనే సంచి తడుముకొనువారు నేటికిని ఉన్నారు.

లోకపు న్యాయస్థానము సైతము, తాను చూచినది చూచినవాడే వచ్చి చెప్పవలెనని కోరును. 1872 నాటి సాక్ష్య చట్టమును, 2024 జూలైలో దాని స్థానమున అమలులోనికి వచ్చిన చట్టమును ఈ నియమమునే ఉంచినవి. మోషే ధర్మశాస్త్రము ఇద్దరు ముగ్గురు సాక్షులను అడిగెను (ద్వితీ. 19:15). క్రైస్తవ గృహము అంతకంటె తక్కువ అడుగవచ్చునా?

కనుక వస్తువు పోయినప్పుడు మొదట ఇల్లంతయు వెదకుడి. చెప్పినవారిని, "నీ కన్నులతో ఏమి చూచితివి?" అని అడుగుడి. అనుమానము మిగిలినయెడల, ప్రభువు చెప్పినట్లు (మత్తయి 18:15) ఆ వ్యక్తితో ఒంటరిగా మాటలాడుడి. పదిమంది యెదుట సంచి విప్పించకుడి. నిజముగా దొంగతనమైతే పోలీసు ఠాణా యున్నది. వీధి న్యాయస్థానము కాదు. నింద తప్పని తేలినప్పుడు, నింద వినినవారందరి యెదుటనే క్షమాపణ చెప్పుడి. పనియు కూలియు తిరిగి యియ్యుడి. దావీదువలె సగము కాదు, పూర్తిగా.

ప్రార్థన: అబద్ధ సాక్షుల మాటలవలన శిక్ష నొందిన ప్రభువా, మా చెవులకు కావలి యుంచుము. మా నోట పేరు పోగొట్టుకొనినవారికి దానిని తిరిగి యిచ్చు ధైర్యము దయచేయుము. ఆమేన్.