వార్ధక్యం – మనఃప్రసాదం

బాల్యం, యౌవనం, జర, మరణం దేహానికి సహజధర్మాలు. కన్ను మసకబారడం, మోకాలు మొరాయించడం ఎవరికైనా తప్పవు. అయితే దేహంతోపాటు మనస్సు కూడ వంగిపోవలసినదేనా? మనస్సు ప్రసన్నంగా ఉంటే ముదిమిలో ఆరోగ్యానికి మేలు కలుగుతుందా? ఇది విచారింపదగిన విషయం.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలవారికి ఇది కేవలం గ్రంథచర్చ కాదు. సిరిసిల్లలో మరమగ్గాల నడుమ జీవితం గడిపిన నేతగాడు, కోరుట్లలో ఒడిలో చాట పెట్టుకొని బీడీలు చుట్టిన తల్లి, కొడుకు గల్ఫ్ దేశానికి వెళ్ళగా జగిత్యాల పల్లెలో ఇల్లు కనిపెట్టుకొని ఉన్న తండ్రి - వీరందరి ఎదుటా వార్ధక్యం నిలిచి ఉన్నది. “ఇక నాతోని ఏమైతది?” అనే మాట అట్టి ఇండ్లలో తరచు వినవచ్చును.

ఆ మాట ఎంత బరువైనదో ఒక పరిశోధన తెలుపుతున్నది. అమెరికాలోని ఓహాయో రాష్ట్రంలో 50 ఏండ్లు పైబడిన 660 మందిని, వారి ముసలితనాన్ని వారే ఎట్లు భావిస్తున్నారని ప్రశ్నించారు. యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన బెకా లెవీ, ఆమె సహచరులు ఆ సమాధానాలను వారి ఆయుర్దాయంతో పోల్చి 2002లో ప్రకటించారు. ముదిమిని గూర్చి సద్భావన కలవారు, లేనివారికంటె సుమారు 7.5 ఏండ్లు ఎక్కువగా జీవించారు. వయస్సు, ఆర్థికస్థితి, ఒంటరితనం, దేహపటుత్వం లెక్కలోనికి తీసుకొన్నప్పటికీ ఆ భేదం నిలిచినది. మనస్సొక్కటే కారణమని దీనివలన సిద్ధింపదు. అయినను, తన బ్రతుకుకు ఇంకను ప్రయోజనం ఉన్నదని నమ్మినవాడు వేళకు భుజిస్తాడు, నాలుగడుగులు నడుస్తాడు, మందు మరువడు, నలుగురిలో కూర్చుంటాడు. ఆశ వదలినవాడు వీటినన్నిటినీ వదలివేస్తాడు.

ఇక్కడ ఒక ధర్మసందేహం కలుగుతుంది. మంచం పట్టినవాడు మనోబలం లేకనే మంచం పట్టినాడని అందామా? అట్లు అనడం అపచారం. భీష్మ పితామహుని స్మరింపుడు. ఆయనకు మించిన మనోబలం ఎవరికి కలదు? అయినను శరతల్పం తప్పలేదు. ధర్మాలు బోధింపుమని కోరినప్పుడు, బాధచేత మాట పెగలడం లేదని ఆయనే విన్నవించుకొన్నాడు. అప్పుడు శ్రీకృష్ణ పరమాత్మ ఆ బాధను ఉపశమింపజేసినాడు. ధర్మరాజు పాదాల చెంత కూర్చుండి ప్రశ్నలడిగినాడు. బాణాలు అట్లే ఉన్నవి. కాని ఆ శయ్య మీదనుండియే శ్రీ విష్ణుసహస్రనామం లోకానికి లభించినది.

ఇందులో మనం గ్రహింపవలసినది ఒకటి ఉన్నది. వృద్ధుని మనఃప్రసాదం అతనికి ఒక్కనికే సంబంధించినది కాదు. బాధను తగ్గించే చేయి ఒకటి కావలెను. ఆదరంతో ప్రశ్నించే నోరు ఒకటి కావలెను. “మూలకు కూసో, నీకెందుకు?” అనే మాట మరొక బాణం. దూరదేశంనుండి ఫోను చేసే కుమారుడు “మందులు వేసుకున్నవా బాపూ?” అని అడగడంతో ఆగక, “ఈ పని ఎట్ల చేయమంటవు?” అని సలహా కోరితే, ఆ తండ్రికి మరునాడు లేచి నడిచే ఓపిక కలుగుతుంది.

పెద్దలకును ఒక కర్తవ్యం ఉన్నది. నామస్మరణ చేస్తున్నామని వైద్యుడిచ్చిన రక్తపోటు మాత్రను మానరాదు. మాత్ర వేసుకొన్నామని స్మరణను మానరాదు. మృత్యువు లేదనుకోవడం సద్భావన కాదు. జగిత్యాల జిల్లాలో, గోదావరీ తీరాన వెలసిన ధర్మపురిలో శ్రీ లక్ష్మీనరసింహస్వామి సన్నిధినే యమధర్మరాజు కూడ కొలువై ఉన్నాడు. స్వామిని సేవించిన భక్తుడు యముని దర్శించి, బెదరక ఇంటికి మరలి, మిగిలిన దినాలను కృతజ్ఞతతో గడుపుతాడు. అదియే నిజమైన మనఃప్రసాదం.

మన ఇండ్లలోని పెద్దలకు అట్టి ప్రసన్నతను, పిన్నలకు వారి చెంత కూర్చుండే తీరికను ఆ శ్రీమన్నారాయణుడు అనుగ్రహించుగాక!