ధర్మము నేలదా, నరునిదా?

దేశాంతరము పోయిన గృహస్థు తన ధర్మమును వెంటఁ గొనిపోవునా, లేక కాలు మోపిన నేల విధించు ధర్మమునకే తలయొగ్గవలయునా యన్నది మన స్మృతికర్తలు చిరకాలము విచారించిన ప్రశ్న. జాతి, జానపద, శ్రేణీ, కులధర్మములను పరికించిన పిమ్మటనే రాజు ధర్మనిర్ణయము చేయవలయునని మనువు విధింపఁగా, జయించిన దేశమునందలి ఆచారమును, వ్యవహారమును, కులస్థితిని యథాపూర్వముగఁ బాలింపవలయునని యాజ్ఞవల్క్యుఁ డింకొక యడుగు ముందునకు వేసెను. గెలిచినవాని యాజ్ఞయే శాసనమనకపోవుట యెంత వివేకము! ఆంగ్లేయుల కాలమునఁ బ్రీవీ కౌన్సిలు సైతము, వంగదేశమునకు వలసపోయిన కుటుంబము విడిచిపెట్టినట్లు రుజువు కానంతవఱకు, దేవతార్చన పెట్టెతోపాటు తన దాయధర్మమును గూడ మోసికొని పోయినట్లే యెంచినది.

ఇట్టి ప్రశ్నయే సముద్రములు దాటి 1991లో మన సుప్రీం కోర్టు ముంగిటికి వచ్చినది. 1975లో తిరుపతిలో హిందూ సంప్రదాయానుసారముగఁ బెండ్లియాడిన యొక భర్త, అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రమున 90 దినములు నివసించితినని చెప్పి, దాంపత్యము మరల నతుకనంతగాఁ జెడినదన్న కారణమున అచ్చటి కోర్టులో విడాకుల డిక్రీ పొంది, తిరిగివచ్చి యాదగిరిగుట్టలో మఱియొక పెండ్లి చేసికొనెను. (90 దినములలో ఒక ఊరి వీథులైనను సరిగఁ దెలియవు, ధర్మము మాఱునా?) ఆ కోర్టు అధికారమును తా నంగీకరింపనని చెప్పుచునే జవాబు పంపియుండిన భార్య, ఇచ్చట ద్వివివాహ నేరమునకు ఫిర్యాదు చేసెను. ఏ చట్టము క్రింద వివాహము జరిగినదో ఆ చట్ట మంగీకరించు కోర్టే, ఆ చట్టము చెప్పు కారణముననే దానిని రద్దుచేయవలయుననియు, 1955 నాటి హిందూ వివాహ చట్టమున ఇట్టి కారణము లేదు గనుక ఆ డిక్రీ ఇచ్చటఁ జెల్లదనియు సుప్రీం కోర్టు తీర్పు చెప్పినది.

అగ్నిసాక్షికమైన సంస్కారమును కోర్టు రక్షించినదని సంతసించిన వారుందురు. నాకట్లు తోఁపదు. సంస్కారము తెగరానిదైనచో, ఎదుటి పక్షము సమ్మతించిన విదేశపు డిక్రీ చెల్లునని అదే తీర్పు ఏల చెప్పును? ఇరువురకుఁ జెందిన ధర్మమును ఒక్కరు విమానమెక్కి మార్చుకొనరాదన్నదే కోర్టు నిజముగఁ గాపాడిన విషయము. అంతవఱకు నాకును సమ్మతమే. కాని భార్యాభర్తలిరువురును డల్లాసులో ఇల్లు కట్టుకొని, బిడ్డల నచ్చటనే పెంచి, అచ్చటి కోర్టులోనే వ్యాజ్యమాడుకొన్నను, ఒకరి సమ్మతి కొఱవడినచో విడాకుల కారణము మాత్రము మన చట్టములోనిదే కావలయుననుట కొంత కటువుగఁ దోఁచుచున్నది.