కిస్తీల కారు: తెలివితక్కువతనం ఎవరిది?

కారు చెడిపోవడం నీతిశాస్త్రానికి సంబంధించిన విషయమా అని ఎవరైనా అడగవచ్చు. ఇంజనాయిలు మార్చకపోతే ఇంజను పట్టేస్తుంది, అది యంత్రశాస్త్రం. తాహతుకు మించి అప్పు చేస్తే కొంప మునుగుతుంది, అది లెక్కలశాస్త్రం. ఇందులో మంచిచెడ్డల ప్రసక్తి ఎక్కడిది? కాని మనం నిత్యం వింటున్న మాటలు ఈ రెంటినీ కలిపి వొక నైతిక తీర్పుగా మార్చివేశాయి. "స్తోమత లేనివాడు కొనడమెందుకు? కొన్నవాడు సరిగా చూసుకోవద్దూ?" అన్నది ఆ తీర్పు. ఈ మాట అనేవాళ్లలో కాలేజీ అధ్యాపకులున్నారు, బాంకు వుద్యోగులున్నారు, అభ్యుదయవాదులమని చెప్పుకొనే మిత్రులు కూడా వున్నారు. కనుక ఈ తీర్పును కాస్త విప్పి చూడవలసి వుంది.

చిరాగ్‌పల్లి జహీరాబాదుకు పడమటగా, కర్ణాటక సరిహద్దున వున్న వూరు. పుణె నుంచి మచిలీపట్నం పోయే జాతీయ రహదారి - పూర్వం 9వ నంబరు, ఇప్పుడు 65వ నంబరు - ఇక్కడే తెలంగాణలో అడుగుపెడుతుంది. 1956కు ముందు జహీరాబాదు తాలూకా బీదరు జిల్లాలోనే వుండేది కనుక ఈ సరిహద్దు అప్పటికి లేదు. తరువాత వచ్చింది, దానితోపాటు చెక్‌పోస్టూ వచ్చింది. ఏళ్ల తరబడి ఇక్కడ రవాణా శాఖవాళ్లు పర్మిట్టూ, పన్ను రసీదూ, బరువూ చూశారు. పోనీ మోటారు బండ్లు ఈ ప్రాంతానికి పరాయివి కూడా కావు. జహీరాబాదులో 1980లలో ఆల్విన్ నిస్సాన్ కర్మాగారం చిన్న లారీలు తయారుచేసింది. తరువాత అది మహీంద్రావారి చేతికి పోయింది. నేడు ఇక్కడ ట్రాక్టర్లు తయారవుతున్నాయి. బండి తయారయ్యేచోటా, బండి ఆగేచోటా మనుషులకు బండి సంగతి తెలియదనడం కష్టం.

ఇలాంటి రహదారి వెంట వుండే షెడ్లలో ఏ మెకానిక్కును అడిగినా చెప్పే తప్పులు దాదాపు వొక్కటే. రేడియేటరులో కూలెంటుకు బదులు బోరునీళ్లు పోస్తారు. నీళ్లలోని సున్నం సన్నని గొట్టాలలో పేరుకొని ఇంజను కాగుతుంది, చివరకు హెడ్ గాస్కెట్ పోతుంది. పదివేల కిలోమీటర్లకో, ఏడాదికో మార్చవలసిన ఆయిలును రెండేళ్లు లాగి, తగ్గినప్పుడల్లా పైన కాస్త పోసి సరిపెడతారు. గీతలు చెరిగి నున్నబడిన టైరును వెనక్కు మార్చి ఇంకో ఎండాకాలం గడుపుతారు. టైమింగ్ బెల్టును కాలానికి మార్చరు; అది తెగితే, చాలా ఇంజన్లలో వాల్వులు పిస్టన్లకు తగిలి వంగిపోతాయి, వేలతో పోయేది లక్షకు దగ్గరవుతుంది. బ్రేకు పాడ్లు పూర్తిగా అరిగి ఇనుము ఇనుమును కోస్తూ కీచుమంటుంటే పాట శబ్దం పెంచుతారు. దిగుడులో పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదులుతారు. బండి బరువంతా బ్రేకులమీదే పడి అవి కాగిపోతాయి. నిజానికి నేటి ఇంజన్లలో గేరులో దిగితేనే ఇంధనం పూర్తిగా ఆగుతుంది, న్యూట్రల్‌లో కొంత కాలుతూనే వుంటుంది. ఈ చివరిది అచ్చంగా తెలియక చేసే తప్పు. దాన్ని వొక చదువుకొన్న కుర్రవాడు పది నిమిషాలలో సరిదిద్దగలడు.

మిగిలినవి కూడా తెలియకనే జరుగుతున్నాయంటే నేను నమ్మను. ఎడ్లబండి తోలిన తరం పోయి ఎంతోకాలం కాలేదు. ఇరుసుకు కందెన వెయ్యకుండా బండి కట్టినవాణ్ణి వూరంతా వెక్కిరించేది. రాసుకొనేచోట నూనె వుండాలని తండ్రికి తెలిసినప్పుడు కొడుకుకు తెలియకుండా ఎలా పోతుంది? తేడా మరొకచోట వుంది. బండి బాగోగులు వూరి ఏర్పాటులోనే కలిసి వుండేవి. వడ్రంగీ, కమ్మరీ ఏడాది పొడుగునా చక్రాన్నీ దాని ఇనుప పట్టీనీ బాగుచేసేవారు. పంట వచ్చాక కల్లంలో వాళ్లకు గింజలు కొలిచేవారు. ఆ ఏర్పాటును మెచ్చుకొనడానికి ఈ మాట చెప్పడం లేదు. అది కులం పునాదిమీద నిలిచింది. దొర బండికి ఆ పని వెట్టిగానే జరిగేది. అయినా మరమ్మతు ఖర్చు పంట చేతికి వచ్చిన రోజున తీరేదన్న సంగతి గమనించాలి. నేటి బండివాడు దాన్ని నెలాఖరున, జేబు ఖాళీగా వున్నప్పుడు, వొంటరిగా యెదుర్కొంటున్నాడు.

ఆ నెలాఖరున అతనిముందు రెండు బాకీలు వుంటాయి. వొకటి కిస్తీ. దానికి తేదీ వుంది. తేదీ తప్పితే ఫోను వస్తుంది, ఆ తరువాత మనిషి వస్తాడు, ఆ తరువాత బండి పోతుంది. అప్పు వసూలుకు గూండాలను పంపి వాహనాలు లాక్కుపోవడాన్ని 2007లో సుప్రీంకోర్టే తప్పుపట్టవలసి వచ్చిందంటే ఆ మనిషి ఎలాంటివాడో వూహించుకోవచ్చు. రెండవది బండికి వున్న బాకీ: ఆయిలు, టైరు, బ్రేకు. దీనికి తేదీ లేదు, అడిగే మనిషి లేడు. ఈ నెల కట్టకపోతే ఈ నెల ఏమీ కాదు. అడిగేవాడికి ఇచ్చి అడగనిదాన్ని వాయిదా వేయడం తెలివితక్కువ పనా? నెలలో చూస్తే తెలివైన పనే. ఏడాదిలో చూస్తే సర్వనాశనం. నెలను దాటి చూడగలగడమన్నది మనిషి గుణంవల్ల వచ్చేది కాదు, చేతిలో మిగులు వుంటే వచ్చేది. జీతగాడికి దూరదృష్టి వుందని మెచ్చుకొనేవాళ్లు అతనికి వొకటో తారీఖు వుందని మరచిపోతారు.

రాజ్యం దృష్టి ఎటు వుందో చూడండి. 1988 మోటారు వాహనాల చట్టం 51వ సెక్షను ప్రకారం అప్పిచ్చినవాడి పేరు బండి ఆర్‌సిలోనే ఎక్కుతుంది. అతని అనుమతి లేకుండా బండి చేతులు మారదు. ఇంత జాగ్రత్తగా రుణదాతను కాపాడిన చట్టం, సొంత వాడకానికి కొన్న కారు బ్రేకులను 15 ఏళ్లదాకా చూడదు. బాడుగ బండ్లకు ఎనిమిదేళ్లదాకా రెండేళ్లకొకసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష వుంది. సొంతకారుకు రిజిస్ట్రేషను మళ్లీ చేయించే రోజుదాకా పొగ పరీక్ష తప్ప మరేదీ లేదు. బ్రిటనులో ఇలాంటి పరీక్ష 1960లో మొదలైంది. మూడేళ్లు నిండిన కారును అక్కడ ఏటా చూస్తారు.

బాడుగకు తిప్పే కారు దగ్గర ఈ విషయం ఇంకా స్పష్టపడుతుంది. మార్క్స్ 'పెట్టుబడి' రెండవ సంపుటంలో - దాన్ని ఎంగెల్స్ 1885లో వెలువరించాడు - రైల్వేలను వుదాహరణగా తీసుకొని అరుగుదల వేరు, మరమ్మతు వేరు అని విడదీసి చూపుతాడు. కంపెనీ ఏటా అరుగుదల పద్దు రాసి కొంత సొమ్ము పక్కన పెడుతుంది. సొంతకారు డ్రైవరుకు ఆ పద్దు లేదు. డీజిలూ, కమిషనూ, కిస్తీ పోగా రాత్రికి చేతిలో మిగిలిందంతా తన కూలి అనుకొంటాడు. అందులో వొక భాగం టైర్లు కరిగి, క్లచ్చి ప్లేటు అరిగి, ఇంజను నలిగి రూపాయలుగా మారినది. అతను తన బండిని కొద్దికొద్దిగా అమ్ముకొని తింటున్నాడు. నాలుగేళ్లకు బండి చేతికొచ్చేనాటికి అది వుత్త డొక్కు. 2016 డిసెంబరు ఆఖరున హైదరాబాదు క్యాబ్ డ్రైవర్లు సమ్మెకు దిగింది ఈ లెక్క తేలకనే. కంపెనీలు ఆశపెట్టిన ప్రోత్సాహకాలు తగ్గిపోయాయి, కిస్తీలు మాత్రం తగ్గలేదు. కారు వాళ్లదే, అరుగుదలా వాళ్లదే. కంపెనీకి వొక్క టైరు కూడా లేదు. సొంతదారీ అన్న మాట ఇంత బోలుగా మరెక్కడా వినిపించదు.

అయితే అసలు కొనడమెందుకు అనే ప్రశ్న మిగిలే వుంది. కొందరు అక్కరకు కొంటారు. నైజాము కాలంలో 1932లో 27 బస్సులతో మొదలైన ప్రభుత్వ రవాణా ఎంత పెరిగినా, ఆఖరి బస్సు పోయాక నొప్పులు పడే మనిషిని ఆసుపత్రికి చేర్చేది ఎవరో వొకరి కారే. 2019లో ఆర్టీసీ కార్మికులు 52 రోజులు సమ్మె చేసినప్పుడు ఈ సంగతి అందరికీ తెలిసివచ్చింది. కొందరికి కారు కట్నంగా వస్తుంది. కట్నాన్ని నిషేధించే చట్టం 1961లోనే వచ్చింది. కారు మాత్రం పందిరి ముందు పూలదండలతో నిలబడుతూనే వుంది. మామగారు అప్పు తీరుస్తాడు, అల్లుడు ఆయిలు మార్చడు. వీళ్లమీద నాకు జాలి లేదు. ఇక భూమి పోయినవాళ్లు. జహీరాబాదు పక్కనే న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలలో నిమ్జ్ పేరిట సేకరించ తలపెట్టినది సుమారు 12,600 ఎకరాలు. భూమి పోయినచోటల్లా పరిహారం సొమ్ములో కొంత కారుగా మారడం మనం రాష్ట్రమంతటా చూసిందే. ఏటేటా పండే ఆస్తి పోయి ఏటేటా అరిగే ఆస్తి వచ్చింది. ఈ మారకాన్ని రైతు కోరలేదు.

2021లో దళితబంధు పథకం కింద కుటుంబానికి 10 లక్షల రూపాయలు ఇచ్చినప్పుడు కొందరు కార్లు తీసుకొన్నారు. "వీళ్లకు కార్లెందుకు" అన్న మాట అప్పుడు చాలా నోళ్లలో వినపడింది. దొర కారు వాడవీధిలో దుమ్ము లేపినన్నాళ్లూ ఆయన స్తోమత గురించి అడిగినవాడు లేడు. ఆ వెక్కిరింత పొదుపు గురించి కాదని వేరే చెప్పనక్కరలేదు. దర్జాగా కారు దిగాలనే కోరికను నేను చిన్నచూపు చూడలేను. కాని గౌరవం వేరు, గాస్కెట్ వేరు. పథకం బండికి డబ్బిచ్చింది, బండి మూడో ఏటికి ఇవ్వలేదు.

ఇంతవరకూ చెప్పినదానిబట్టి బండివాడి తప్పేమీ లేదని తీర్మానించడం సులభం. మన పక్షంవాళ్లు తరచు అక్కడే ఆగిపోతారు. ఆగకూడదని నా వాదన. ఎందుకంటే నున్నబడిన టైరు బండివాడి సొంత వ్యవహారం కాదు. అదే రహదారి అంచున సైకిలుమీద పోయే కూలీ వున్నాడు. అతనికి కిస్తీ లేదు, ఆర్‌సి లేదు. బండివాడికంటే ఇంకా పేదవాడు. మూడవపక్షం బీమా తప్పనిసరి చేసిన చట్టం అతను చచ్చాక వెల కట్టి కుటుంబానికి ఇప్పిస్తుంది, చావకముందు బ్రేకు చూడదు. బండివాడి పేదరికం సైకిలువాడి ప్రాణంమీద అప్పు తీసుకొనే హక్కు నిస్తుందా? ఇవ్వదు. ఏ.సి. మరమ్మతును వాయిదా వేసినవాడూ, బ్రేకు మరమ్మతును వాయిదా వేసినవాడూ వొక్కటి కారు. మొదటివాడు తన చెమటతో చెల్లిస్తున్నాడు, రెండవవాడు ఇతరుల నెత్తురు పణంగా పెడుతున్నాడు. బ్రేకులు లేని రోజున బండి ఇంట్లో పెట్టాలి. పెడితే ఆ రోజు కూలి పోతుందని తెలిసీ ఈ మాట అంటున్నాను.

అందువల్ల సొంతకార్లకు కూడా నాలుగైదేళ్లనుంచే పరీక్ష వుండాలి. దీనికి రెండు అభ్యంతరాలు వినిపిస్తాయి. ఇంకొక లంచాల గుమ్మం తయారవుతుందన్నది మొదటిది. చెక్‌పోస్టుల చరిత్ర తెలిసినవాడెవడూ దాన్ని కొట్టివేయలేడు. పరీక్షలో ముందుగా తప్పేది పేదవాడి పాతబండే నన్నది రెండవది, మరింత బరువైనది. పరీక్షలో తేలిన బ్రేకుల ఖర్చును బండివాడొక్కడి నెత్తిన వేస్తే మళ్లీ మొదటికే వస్తాం. కిస్తీలు తీరేదాకా ఆ ఖర్చులో సగం అప్పిచ్చినవాడు భరించాలి. ఆర్‌సిలో అతని పేరు కూడా వుంది.