రెండు కుంచములు



తగవుపడిన ఇద్దరు రచ్చబండ యొద్దకు వచ్చినప్పుడు ప్రతివాడును మొదట చూచునదేమి? న్యాయము ఎటువైపున నున్నదని కాదు, తీర్పు చెప్పు పెద్ద ఎవరివాడని. పెద్ద తనవాడైతే ధైర్యము, పరాయివాడైతే దిగులు. ఈ బలహీనత పల్లెలకు మాత్రమే చెందినది కాదు. ధనమునందును బలమునందును పేరొందిన అమెరికా దేశములో అత్యున్నత న్యాయస్థానమును గూర్చియు ఇదే పోరాటము జరుగుచున్నది. దానిని పరిశీలించుట మనకు మేలు. ఏలయనగా ఇతరుల తగవులో మన ముఖము స్పష్టముగా కనబడును.

అమెరికా సుప్రీంకోర్టులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు కూర్చుందురు. ఒక స్థానము ఖాళీయైనప్పుడు దేశాధ్యక్షుడు ఒకరి పేరు సూచించును. నూరుగురు సభ్యులుగల సెనేటు సభ దానికి సమ్మతింపవలెను. 1787లో వ్రాయబడిన వారి రాజ్యాంగము చేసిన యేర్పాటు ఇది. మన దేశములో సుప్రీంకోర్టు న్యాయమూర్తులు 65 ఏండ్లకు పదవి విడుతురు. వారి నియామకమునకు పార్లమెంటు ఓటు వేయదు. అక్కడనైతే న్యాయమూర్తి తనంతట తాను విరమించుకొననిదే, లేక తప్పు మోపబడి తొలగింపబడనిదే, మరణము వరకు ఆ పీఠముపై నుండును. న్యాయమూర్తి ఏ పక్షమునకును భయపడకుండవలెనని పెద్దలు ఈ నియమము పెట్టిరి. అయితే మనుష్య హృదయము ఎట్టిదో చూడుడి! పక్షములనుండి కాపాడుటకు పెట్టిన నియమమే పక్షములకు ఆశ పుట్టించినది. ఒక్క నియామకముతో ముప్పది ఏండ్ల తీర్పులు మారగలవు గనుక, ఆ పీఠమును ఎట్లైనను తమవానితో నింపవలెనని ఇరుపక్షములును తహతహపడుచున్నవి.

ఈ జగడము నిన్న మొన్న పుట్టినది కాదు. 1795లోనే జార్జి వాషింగ్టన్ నియమించిన ప్రధాన న్యాయమూర్తి జాన్ రట్లెడ్జిని సెనేటు త్రోసివేసెను. 1987లో రాబర్ట్ బోర్క్ అనువాని పేరు 42–58 ఓట్లతో ఓడిపోయెను. అయినను మధ్యలో మంచి దినములును ఉండెను. 1986లో ఆంటొనిన్ స్కలీయాకు 98 ఓట్లు వచ్చెను, ఎదురు ఓటు ఒక్కటియు లేదు. 1993లో రూత్ బేడర్ గిన్స్‌బర్గ్‌కు 96 ఓట్లు రాగా, ఎదురు ఓట్లు మూడే. వీరిద్దరు తీర్పులలో తరచుగా ఎదురెదురుగా నిలిచినను, ఏండ్ల తరబడి స్నేహితులుగా నుండిరి. కాబట్టి అభిప్రాయభేదము పాపము కాదు. పాపము మరియొకచోట నున్నది.

2016 ఫిబ్రవరి 13న స్కలీయా మరణించెను. అధ్యక్షుడైన బరాక్ ఒబామా డెమోక్రాటిక్ పక్షమువాడు. సెనేటులో రిపబ్లికన్ పక్షమువారు అధికులు. మార్చి 16న ఒబామా మెరిక్ గార్లండ్ పేరు సూచించెను. ఇది ఎన్నికల సంవత్సరము, జనులే తేల్చనిండని రిపబ్లికన్ నాయకులు చెప్పిరి. 293 దినములు గడచినను విచారణయైనను ఓటైనను జరుగలేదు. పేరును పరిశీలించుట సెనేటు విధియని డెమోక్రాట్లు గట్టిగా వాదించిరి.

2020 సెప్టెంబరు 18న గిన్స్‌బర్గ్ మరణించెను. ఎన్నిక నవంబరు 3న జరుగవలసియుండెను. అప్పుడు అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్, సెనేటులో అధికులు ఆయన పక్షమువారే. ఎమీ కోనీ బారెట్ నియామకము ఎన్నికకు ఎనిమిది దినముల ముందు, అక్టోబరు 26న, 52–48 ఓట్లతో ముగిసెను. మునుపు ఆగుమన్నవారు ఇప్పుడు త్వరపడిరి. మునుపు త్వరపడుమన్నవారు ఇప్పుడు ఆగుమనిరి. 2016లో అధ్యక్షుడును సెనేటును వేర్వేరు పక్షములు, ఇప్పుడు ఒకే పక్షమని రిపబ్లికన్లు బదులు చెప్పిరి. ఆ భేదము నిజమే. గాని జనులే తేల్చవలెనను గొప్ప మాట ఏమైపోయెను?

ఓటుల నియమమును గూర్చియు ఇట్లే జరిగెను. వాదమును ముగించి ఓటునకు పోవుటకు 60 మంది కావలెనను పాత పద్ధతిని 2013లో డెమోక్రాట్లు క్రింది కోర్టుల విషయములో తీసివేసిరి. 2017లో రిపబ్లికన్లు సుప్రీంకోర్టు విషయములోను తీసివేసిరి.

ధాన్యపు వర్తకుడు రైతు యొద్ద పెద్ద కుంచముతో కొలిచి కొని, చిన్న కుంచముతో కొలిచి అమ్మినయెడల, వానిని మనమేమందుము? రెండు విధముల తూనికలు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము చదివినవారందరు ఎరుగుదురు. ధర్మమునకును అట్టి కుంచమున్నది. నాకు లాభమైనప్పుడు ఒక నియమము, నాకు నష్టమైనప్పుడు మరియొక నియమము.

ఇక్కడ బలమైన ఆక్షేపణ కలదు. న్యాయస్థానము చేతిలోనున్నవి చిన్న సంగతులు కావు. గర్భస్రావ హక్కును గూర్చి 1973లో ఇయ్యబడిన తీర్పును 2022లో ఆ కోర్టే కొట్టివేసెను. దానిని కొట్టివేసిన అయిదుగురిలో ముగ్గురు 2017 మొదలు 2020 వరకు నియమింపబడినవారే. ఇది గర్భములోని శిశువు ప్రాణమని ఒకరు, ఇది స్త్రీ దేహమును స్వేచ్ఛయునని మరియొకరు, ఇరువురును మనస్సాక్షితోనే చెప్పుచున్నారు. ఇంత గొప్ప మేలు ఎదుటనుండగా సభా నియమమొక లెక్కయా అని అడుగుదురు.

ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. అయినను ఆలోచించుడి. న్యాయస్థానమునకు ఖడ్గము లేదు, ధనపుసంచి లేదు, తీర్పు మాత్రమే కలదని 1788లో అలెగ్జాండర్ హామిల్టన్ వ్రాసెను. అనగా ఓడినవాడు కూడ ఇది న్యాయమని ఒప్పుకొనుటయే దాని బలము. పీఠము రెండు కుంచములతో సంపాదింపబడినదని ఓడినవాడు తలంచినప్పుడు, అతడు లోబడినను హృదయపూర్వకముగా లోబడడు. తన వంతు కొరకు కాచుకొనును. అట్లు గెలిచిన మేలు ఎదుటివానికి సంఖ్యాబలము వచ్చువరకే నిలుచును.

మేము నియమము పాటించినను ఎదుటివారు పాటింతురా అని అడుగుదురు. పాటింతురని ఎవరును పూచీ ఇయ్యలేరు. మాట నిలుపుకొన్నవాడు నష్టపోవచ్చును. 15వ కీర్తన తన నష్టమును లెక్కింపక మాట నిలుపుకొను మనుష్యుని మెచ్చుకొనుచున్నది. నష్టములేని నమ్మకత్వమును లోకములో అందరును చేయగలరు.

ప్రియులారా, సంఘపెద్దల ఎన్నికలోను, పొలము గట్టు తగవులోను, బిడ్డల తప్పులను విచారించుటలోను మన చేతిలో ఎన్ని కుంచములున్నవి? మన అన్నకుమారుడు చేసినది పొరబాటు, పొరుగువాని కుమారుడు చేసినది దోషమా? ఒక పని చేయుడి. పేర్లు వినకముందే నియమమును పైకి చెప్పుడి, పేర్లు వినిన తరువాత దానిని మార్చకుడి. అప్పుడు మీ యెదుట ఓడినవాడు దుఃఖముతో ఇంటికి పోయినను, తనకు అన్యాయము జరిగెనని చెప్పలేడు.