రాత్రిపూట మనిషికి దీపమేది?

వేసవి వస్తే చాలు, ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో ధర్మరాజుల గుళ్ల ముందు భారతం మొదలవుతుంది. చాలా ఊళ్లలో అది పద్దెనిమిది రోజుల వేడుక. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. పొద్దుపోయాక మొదలైన ఆట తెల్లారిందాకా సాగుతుంది. అర్జున తపస్సు నాడు వేషగాడు పద్యాలు పాడుకుంటూ ఎత్తైన తపస్సుమాను ఎక్కుతాడు. పిల్లల కోసం మొక్కుకున్న ఆడవాళ్లు తడిబట్టలతో మాను కింద సాగిలపడి వరం కోరతారు. ఆఖరి రోజు నేలమీద మట్టితో మలిచిన దుర్యోధనుడి మీద భీముడి గద పడుతుంది, ఆ సాయంత్రం అగ్నిగుండం తొక్కుతారు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం చుట్టుపక్కల పల్లెలకు రాత్రిపూట ఒకచోట చేరడమెలాగో ఎవరూ కొత్తగా నేర్పనక్కర్లేదు.

ఆ రాత్రుల వెలుతురు మాత్రం మారుతూ వచ్చింది. వెనకటి వీధినాటకాల్లో దివిటీలు పట్టుకున్నవాళ్లు వేషగాళ్ల పక్కనే నిలబడేవాళ్లు. గుగ్గిలం చల్లితే మంట భగ్గుమని లేచి కొత్త వేషం రాకను చాటేది. తర్వాత పెట్రోమాక్స్ లైట్లు, ట్యూబులైట్లు, ఇప్పుడు ఎల్ఈడీ ఫ్లడ్‌లైట్లూ సీరియల్ సెట్లూ. దివిటీ వెలుగు వేషగాడి మీద ఎంత పడేదో ముందు వరసల్లో కూర్చున్నవాళ్ల మీదా ఇంచుమించు అంతే పడేది. ఫ్లడ్‌లైటు అలా కాదు. అది రంగస్థలాన్ని ఎత్తి చూపిస్తుంది, చూసేవాళ్లను చీకట్లో వదిలేస్తుంది.

పట్టణాల పార్కుల్లో దీపాల మంటపాలు కట్టి జనాన్ని రాత్రిపూట దగ్గర చేయాలన్న ఆలోచన ఇప్పుడు చాలాచోట్ల ఉంది. లండన్ కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో సర్పెంటైన్ గ్యాలరీ 2000 నుంచి దాదాపు ప్రతి వేసవికీ ఒక కొత్త పెవిలియన్ కట్టిస్తోంది. 2013లో జపాన్ వాస్తుశిల్పి సౌ ఫుజిమోతో సన్నని తెల్ల ఉక్కు కడ్డీలతో కట్టిన మంటపం మబ్బులా కనిపించేది. చూడముచ్చటైన పనే. కానీ మంటపం చూడడానికి వచ్చినవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారా అన్నది వేరే ప్రశ్న. ఇంజనీరు లెక్కలకు అందని ఆ ప్రశ్నను మన దేశంలో చాలా ముందే అడిగారు.

బృహదారణ్యకోపనిషత్తులో జనకుడు యాజ్ఞవల్క్యుణ్ని అడుగుతాడు: మనిషికి దీపమేది? సూర్యుడంటాడు ఋషి. సూర్యుడు అస్తమిస్తే? చంద్రుడు. చంద్రుడూ అస్తమిస్తే? అగ్ని. అగ్ని కూడా ఆరిపోతే? అక్కడ యాజ్ఞవల్క్యుడు మాటను చూపిస్తాడు. తన చెయ్యి తనకే కనిపించని చీకట్లో కూడా, ఎక్కడినుంచి మాట వినిపిస్తే మనిషి అటు నడుస్తాడట. మాట కూడా ఆగిపోయిన తర్వాతే ఆత్మ ప్రసక్తి వస్తుంది. వ్యాఖ్యానాలు సాధారణంగా ఆ చివరి మెట్టు దగ్గరే నిలుస్తాయి. ఊరి మంటపం గురించి ఆలోచించేవాళ్లు నిలవాల్సింది దానికి ముందున్న మెట్టు మీద. అగ్ని తర్వాతి స్థానం మాటది. అంటే మనుషులు కలవడానికి పెట్టిన దీపం మాటకు చోటివ్వకపోతే పని సగంలో ఆగినట్టే.

భారతం రాత్రుల్లో జనాన్ని తెల్లవార్లూ పట్టి ఉంచేది కూడా మాటే. పద్యం, దాని వెనక హాస్యగాడి చమత్కారం, మధ్యలో టీ బండి దగ్గర పక్క ఊరి వియ్యంకుడితో పంటల ముచ్చట.

జనం ఒకే దీపం కింద చేరాలన్న ఈ ఆలోచనకు అడ్డం వచ్చే వాదన మదనపల్లె గడ్డ మీదే పుట్టింది. 1895లో ఇక్కడ జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి, తనను జగద్గురువుగా నిలబెట్టిన ఆర్డర్ ఆఫ్ ది స్టార్ సంస్థను 1929 ఆగస్టు 3న హాలండ్‌లోని ఒమ్మెన్‌లో రద్దు చేశాడు. సత్యాన్ని సంస్థగా కట్టలేమన్నాడు, ఎవరికి వారే వెలుగు కావాలని జీవితాంతం చెప్పాడు. గుంపు నమ్మకం మీద ఆయనకు అనుమానం. ఆ అనుమానం ఉత్తదేం కాదు. ఒకే దీపం కింద కూర్చోబెట్టి జనాన్ని ఒకే మాట పలికించిన సభలు చరిత్రలో కొల్లలు. మదనపల్లె దగ్గర్లోని రిషివ్యాలీ పాఠశాలలో పిల్లలు సాయంత్రం పూట అస్తాచల్‌కు కూర్చుంటారు. దీపం లేదు, విగ్రహం లేదు, మౌనంగా సూర్యాస్తమయం చూడడమే.

అయితే అదే మదనపల్లెలో మరో రకం సాయంత్రం కూడా ఉంది. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ థియోసాఫికల్ కాలేజీకి వచ్చినప్పుడు, ప్రిన్సిపాల్ జేమ్స్ కజిన్స్ కోరితే విద్యార్థుల ముందు జనగణమన పాడాడు. పల్లవిని పిల్లలు అందుకున్నారు. ఆ నెల 28న ఆయనే ఆ పాటను ఇంగ్లీషులోకి మార్చాడు, మార్గరెట్ కజిన్స్ స్వరం రాసింది. అక్కడ చేరినవాళ్లకు ఒకే మతం లేదు, ఒకే భాష లేదు. ఒక గొంతు మొదలుపెట్టింది, మిగతావాళ్లు కలిపారు. యాజ్ఞవల్క్యుడు చెప్పిన మాట పని చేయడమంటే ఇదే. కృష్ణమూర్తి భయపడిన గుంపుకూ ఈ కూడికకూ తేడా, వచ్చినవాడికి తన గొంతు ఉండడంలోనే ఉంది.

మరి దేవుడు లేకుండా ఊరు కలుస్తుందా? పుంగనూరు జమీందారుల కులదైవం సుగుటూరు గంగమ్మ జాతరకైనా, కుప్పం తిరుపతి గంగమ్మ జాతరకైనా జనాన్ని తెచ్చేది అమ్మవారే. కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం ఒకే వీధిలో వినిపిస్తాయి, మూడు భాషలవాళ్లూ ఆ తల్లికి మొక్కుతారు. రాయలసీమలో మొహర్రం రాత్రి పీర్ల గుండం చుట్టూ హిందువులూ చేరతారు. మొక్కు మనిషిని ఇంట్లోంచి కదిలిస్తుంది. పార్కు మంటపానికి ఆ బలం లేదు, దాన్ని దీపాల ఖర్చుతో కొనలేం. కానీ జాతర ఏడాదికి ఒకసారి. మిగతా రాత్రుల్లో ట్యూషన్ ముగిసిన పిల్లకూ, మార్కెట్లో టమాటా దించి వచ్చిన హమాలీకీ, కోడలి నుంచి కాసేపు విశ్రాంతి కోరే ముసలమ్మకూ ఒక చోటు కావాలి.

మొక్కు పిలవని చోట వెలుతురే మర్యాదగా పిలవాలి. నెత్తిన నిలువుగా పడే దీపం కళ్ల కింద నీడలు వేసి ముఖాన్ని దాచేస్తుంది. కాస్త పక్కనుంచి, తక్కువ ఎత్తులో, కంటికి సూటిగా తగలకుండా పెట్టిన దీపం ముఖాన్ని చూపిస్తుంది. 2700, 3000 కెల్విన్ల పసుపువన్నె వెలుతురుకు తెల్లని, నీలిచాయ వెలుతురుకంటే పురుగులు తక్కువగా వస్తాయి. మితిమీరిన వెలుగు పక్కనున్న చీకటిని మరింత చిక్కబరుస్తుంది, అందులోంచి ఇంటికి నడవాల్సిన ఆడపిల్లకు అది భయమే.

భారతం రాత్రులను మెచ్చుకునేటప్పుడు ఒక నిజం దాచకూడదు. దళితవాడ వాళ్లు వెలుతురు అంచున, దూరంగా కూర్చోవలసి వచ్చిన కాలం ఉంది. దీపం అందరిదని అన్నా, దాని కింద కూర్చునే హక్కు అందరికీ ఉండేది కాదు. గుడికి ఉత్సవ ఖర్చు భరించే ఉభయదారులుంటారు, కొన్నిచోట్ల ట్యూబులైటు మీద కూడా దాత పేరు కనిపిస్తుంది. పార్కు మంటపానికి అలాంటి యజమాని ఉండకూడదు. ఒక్క యజమాని లేకుండా నడపడంలో కుప్పానికి మంచి అనుభవమే ఉంది: అక్కడ పల్లెలకు కరెంటు అందించింది రెస్కో అనే సహకార సంఘం.

మన ఊళ్లలో అలాంటి పార్కు మంటపం కట్టాలంటే, నమూనా గీయకముందే చుట్టుపక్కల వీధుల ఆడవాళ్లనూ, తోపుడుబండ్లవాళ్లనూ, ఆటోస్టాండు కుర్రాళ్లనూ రాత్రి ఎనిమిదింటికి ఆ స్థలంలో కూర్చోబెట్టాలి. దీపం ఎత్తూ దిక్కూ మార్చి చూపిస్తూ, ఎదుటివాళ్ల ముఖం ఎప్పుడు తేటగా కనిపిస్తోందో వాళ్లనే చెప్పమనాలి. వెలుతురు దళితవాడ దారిదాకా వెళ్తోందో, దానికి ఇవతలే ఆగిపోతోందో కూడా ఆ రాత్రే తేలిపోతుంది.